బీరువాలో ఉండిపోయిన పుస్తకం

నా రాత ఎప్పుడూ బాగోదు. ఫోన్లో అయితే తప్పులు ఇంకా ఎక్కువ. క్షమించి చదవండి.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో అటెండర్ని. మాస్టార్లు చదవమన్న పాఠాల పుస్తకాలు నా బీరువాలో ఉండేవి. పిల్లల కార్డు నా దగ్గర పెట్టుకుని, రెండు గంటల సేపు చదువుకోమని పుస్తకం ఇచ్చేవాణ్ణి. ఈ మధ్య ఆ పాఠాలన్నీ స్కాన్ చేసి లైబ్రరీ కంప్యూటర్లలో పెట్టారు. ఇక పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వొద్దని మా లైబ్రేరియన్ మేడం గారు చెప్పారు.

ఈ రోజు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. సాయంత్రం భావనపాడు నుంచి వచ్చి చదువుకునే అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చింది.

“తాతా, రేపే పరీక్ష. కంప్యూటర్లు ఎలగడం లేదు. పుస్తకం ఇయ్యి.”

“ఇవ్వొద్దని మేడం సెప్పినారమ్మా.”

“నా పరీక్ష మేడం రాస్తాదేటి? తాళం నీ మొలకే ఏలాడతన్నాది కదా!”

తాళం పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆమె కాసేపు చూసి, బస్సుకి టైమైందని వెళ్లిపోయింది. గేటు దాటిందో లేదో కరెంటు వచ్చింది.

కంప్యూటర్లో పెడితే పుస్తకం చిరగదన్నారు. నిజమే, ఎవరూ ముట్టుకోకపోతే ఎలా చిరుగుతుంది?

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. రేపు ఎనిమిదిన్నరకి లైబ్రరీ తెరుస్తాను. పరీక్ష పదింటికి. ఆ పుస్తకం తీసుకెళ్లి బస్సు ఆగే చోట నిలబడాలని ఉంది. మేడం గారికి తెలిస్తే మాట పడాలి. మీరైతే ఏం చేస్తారు? తెల్లారేలోపు రాయండి.