నాకు పౌడరు, ఆమెకు మసి

ఆ రోజుల్లో మనిషి విలువ తేల్చడానికి పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు బిడ్డా, ఒక పౌడరు డబ్బా ఉంటే సరిపోయేది. నిన్న నువ్వు పుణె నుంచి ఫోన్ చేసి, స్కూలు నాటకంలో నీకు రాక్షసి వేషం ఇచ్చారని, ఎందుకని అడిగితే "నువ్వెలాగూ నల్లగానే ఉన్నావుగా, మేకప్ మిగులుతుంది" అన్నారని చెప్పి ఏడ్చావు. మీ తమ్ముడు పక్క నుంచి "దాన్ని రేసిజం అంటారు అమ్మమ్మా" అని నాకు పాఠం చెప్పాడు. పేరు నాకు కొత్తే నాయనా, సరుకు మాత్రం పాతదే. దానితో కలిసి ఒకే హాస్టల్లో అన్నం తిన్నదాన్ని నేను. కాబట్టి కళ్లు తుడుచుకుని, ఇద్దరూ వినండి.

ప్రత్యేక రాష్ట్రం కావాలని మొదటిసారి గొడవలు లేచిన కాలం అది. మాది జనగామ. టీచరు ట్రైనింగు కోసం ప్యాసింజరు బండెక్కి మానుకోటలో (మీ మ్యాపులో మహబూబాబాద్ అని ఉంటుంది) ఆడపిల్లల హాస్టల్లో చేరాను. మా బాపుకు నా చదువు మీద అంత నమ్మకం లేదు. నన్ను దింపి వెళ్తూ, "వార్షికోత్సవానికి వస్త. నా బిడ్డ నలుగురిల పంతులమ్మ లెక్క గనవడితే సరే. లేకుంటే పెట్టె సదురుకొని నాతోని బండెక్కుడే" అన్నాడు. అంటే నా ఉద్యోగం, నా బతుకు, మొత్తం ఆ ఒక్క సాయంత్రం మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. ఆ సాయంత్రం నాటకం వేయించేది మా వార్డెను.

ఆమె కోస్తా నుంచి వచ్చింది. మేం పెట్టుకున్న పేరు పౌడరు మేడం. చెడ్డమనిషి కాదు. (అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేవాళ్లం.) మాకు జ్వరం వస్తే తనే మిరియాల చారు కాచి తాగించేది. తాగిస్తూనే, "మీ మాట వింటుంటే అన్నంలో రాయి తగిలినట్టుంటుందే" అని ప్రేమగా అనేది. చారు ఘాటుకో, మాట ఘాటుకో, కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆమె దృష్టిలో అది రెండు విధాలా వైద్యమే.

నాటకం కథ చిన్నది. ఒక రాణి కొడుకును రాక్షసి ఎత్తుకుపోతుంది. చివరికి రాణి శపిస్తే రాక్షసి చచ్చి, పిల్లవాడు దక్కుతాడు. రాణి వేషం, ఆలోచించాల్సిన పని లేకుండా, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయికి ఇచ్చారు. తెల్లగా ఉండేది కాబట్టి మేం ఆమెను మీగడ అనేవాళ్లం. నాకేమో చీపురు పట్టుకుని రంగస్థలం ఊడ్చే దాసీ వేషం. "నలుపు కదమ్మా, నప్పుతుంది" అన్నది మేడం. చీపురుతో ఉన్న నన్ను చూసి బాపు ఏమంటాడో నాకు ముందే వినపడింది. రాక్షసి వేషం రేగొండ అవతలి తండా నుంచి వచ్చిన పిల్లకు ఇచ్చారు. మొదటి రోజు అద్దాల రవికతో వచ్చింది కాబట్టి ఆమె పేరు అద్దాల పిల్ల. ఇందులో తమాషా ఏమిటంటే, ఆమె మా అందరికంటే తెలుపు. మీగడ కంటే కూడా.

నా నోరు ఊరుకోదు కదా. "మేడం, నలుపని నన్ను దాసిని జేసిన్రు. మరి గీమె తెల్లగుంది గదా, రాణిని జెయ్యొచ్చు" అన్నాను. మేడం నవ్వింది. "తెలుపొక్కటే చాలుతుందా పిచ్చిపిల్లా? భాష ఉండాలి." అద్దాల పిల్ల వెంటనే లేచి నిలబడి రాణి మాటలన్నీ తడుముకోకుండా చెప్పేసింది. వాళ్లింటి భాష వేరు. తెలుగు మొత్తం బడి పుస్తకంలోంచే నేర్చుకుంది కాబట్టి ఆమె తెలుగు అచ్చుపుస్తకంలాగే ఉండేది. మేడం, "భాష ఉంటే మాత్రం? రాణి అన్నాక ఆ నడక, ఆ కుదురు, అవన్నీ పుట్టుకతో రావాలి" అని తేల్చేసింది. అంటే మేం ఒక గుమ్మం దాటగానే ఆమె ఇంకో గుమ్మం కట్టేది. మేస్త్రీ కూడా అంత వేగంగా కట్టలేడు.

బయటికి వచ్చాక అద్దాల పిల్ల నవ్వి, హాస్టల్లో మా దగ్గర కొత్తగా పట్టుకున్న మాటలో అన్నది: "ఏమే జనగామా, నువ్వెందుకు పరేషాన్ అయితవ్? మా తండాల పుస్తకం తెలుగు మాట్లాడ్తనని నన్ను దొరసాని అని ఎక్కిరిస్తరు. గీడికొస్తే రాక్షసినైతి. గీ రెండిట్ల నడుమ మనిషి యాడుంటదో ఎతుకుతున్న."

ఇంతలో ఊళ్లో గొడవ పెరిగింది. రోజూ ఏదో ఒక బంద్. కుర్రాళ్లు హాస్టలు గేటు ముందుకు వచ్చి మేడంను వెళ్లిపొమ్మని అరిచారు. ఆమె గది తలుపు వేసుకుని, "నేనేం చేశానే వీళ్లకు?" అని మమ్మల్ని అడిగింది. మాకు చేసింది చాలానే ఉంది. కానీ గేటు దగ్గర అరిచేవాళ్లకు ఆ సంగతే తెలియదు, వాళ్లు ఆమె ఊరిని చూసి అరుస్తున్నారు. అద్దాల పిల్ల గేటు దగ్గరికి పోయి, "అన్నా, ఆమె మాకు చారు వోస్తది. మీరు వోస్తరా? పోయకుంటే పోండ్రి" అన్నది. చారు పోయడానికి ఎవరూ సిద్ధంగా లేనట్టుంది, వెళ్లిపోయారు. మర్నాడే మీగడను వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయాడు. శామియానా వేసేశారు, వార్షికోత్సవం దగ్గరపడింది, రాణి లేదు.

మేడం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తెలుపూ, భాషా ఉన్న పిల్లను వదిలేసి నా గడ్డం పట్టుకుని, "నలుపుదేముందే, పౌడరుంది" అన్నది. అలా ఒకే అద్దం ముందు ఇద్దరం కూర్చున్నాం. నల్లటి నాకు పౌడరు రాసి, అట్ట కిరీటం పెట్టి రాణిని చేశారు, తెల్లటి ఆమెకు మసి రాసి రాక్షసిని చేశారు. దేవుడు చేసిన తప్పులను దిద్దడానికి మేడంకు అరడబ్బా పౌడరు, ఒక పెనం అడుగు సరిపోయాయి.

సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. ముందు వరసలో బాపు, తెల్లటి రుమాలు చుట్టుకుని. శపించాల్సిన ఘట్టం వచ్చింది. దిండును చంకలో పెట్టుకుని (అదే రాకుమారుడు) రాక్షసి నిలబడింది. నేను బాపును చూశాను. అంతే, మాటలన్నీ ఎగిరిపోయాయి. తెర వెనక నుంచి మేడం "ఓ నిశాచరీ! ఓ నిశాచరీ!" అని గొంతు చించుకుంటోంది. నా నోట్లోంచి మాత్రం, "నా కొడుకునెందుకు గుంజుకపోతివే? నేనేం జేసిన నీకు? ఇయ్యి, జర ఇయ్యవే!" అని వచ్చింది, నిజంగా ఏడుస్తూ.

శామియానా అంతా ఘొల్లుమంది. నవ్వింది కోస్తా వాళ్లు కాదు బిడ్డా, అక్కడ మిగిలింది మా వాళ్లే. ఇంట్లో, అంగట్లో, పొలంలో అదే మాట మాట్లాడేవాళ్లు. ఆ మాట రంగస్థలం మీద వినపడితే నవ్వాలని ఎన్ని నాటకాలు చూసి నేర్చుకున్నారో! ఒకాయన "గీమె రాణి ఏందిరా, మన గల్లీల నీళ్లకాడ కొట్లాడే పిల్ల లెక్కుంది" అని అరిచాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరో చెప్పనా? మా బాపు. నా పౌడరు చెమటకు, కన్నీళ్లకు చారలు చారలుగా కారుతోంది. పెట్టె సర్దుకోవడమే మిగిలిందని అనుకున్నాను.

అప్పుడు రాక్షసి చావడం మానేసింది. రెండడుగులు ముందుకు వచ్చి, దిండు పట్టుకునే, అచ్చు రాక్షసి గొంతుతో, "ఓ జనులారా! మీ తల్లి మీకు అన్నము పెట్టునపుడు ఏ భాష మాట్లాడును?" అని గర్జించింది.

నవ్వు ఆగిపోయింది. వెనక ముంజలమ్ముకునే ముసలమ్మ లేచి, "గా పోరి లెక్కనే మాట్లాడ్తది బిడ్డా! ఇగ చాలుగని, ఆమె కొడుకునామెకియ్యి!" అన్నది. ఇవ్వాలని కథలో లేదు. అద్దాల పిల్ల ఒక్క నిమిషం ఆలోచించి, దిండు నా చేతుల్లో పెట్టి, తర్వాత గుర్తొచ్చి చచ్చిపోయింది.

నాటకం అయ్యాక మేడం తడిగుడ్డ తెచ్చి, ముందు రాక్షసి మొహమే తుడిచింది. "ఆ మాట నాటకంలో లేదు కదే?" అన్నది. "లేదు మేడం. రాసినవారు మరిచిపోయినట్టున్నారు" అన్నది అద్దాల పిల్ల, ఎంతో మర్యాదగా. మేడం ఆ ఏడాది మళ్లీ అన్నంలో రాళ్ల సంగతి ఎత్తలేదు. మారిందంటారా? ఏమో. మా ముందు అనడం మానేసింది, అప్పటికి అదే పదివేలు.

బాపు రుమాలు విప్పి మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "రాణి లెక్క లేవు" అన్నాడు. "మా అవ్వ లెక్కున్నవ్. మా అవ్వ గట్లనే గల్ల వట్టి అడిగేది. నవ్విన గని, ఎనుక మా అవ్వే నన్నడిగినట్టయి భయమైంది" అన్నాడు. "సదువుకో. పెట్టె జోలికి పోకు." అంతే, టేషను దారి పట్టాడు.

అద్దాల పిల్ల భూపాలపల్లి దగ్గర పంతులమ్మగా చేసి రిటైరైంది. ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఏమే రాణీ" అంటుంది, నేను "చెప్పవే రాక్షసీ" అంటాను. మీ తాత పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటాడు.

ఇక నీ సంగతి. రేపు మీ టీచరును మెల్లగా అడుగు, రాణి వేషమో ఇంకో మంచి వేషమో నాకెందుకు ఇవ్వలేదని. ఒక కారణం చెప్తారు. అది సరి కాదని చూపిస్తే ఇంకోటి చెప్తారు. ఏడవకు, అడుగుతూ ఉండు. మీ తమ్ముడు చెప్పిన ఆ పెద్ద మాటకు నాకు తెలిసిన మందు అదొక్కటే, అది కూడా ఒకరికి ఒకరు తోడుంటేనే పనిచేస్తుంది. అంతా అడిగాక, రాక్షసి వేషం నీకు నచ్చితే వెయ్యి. మసి మాత్రం పూయించుకోకు.

ఆనాటి ఫోటో ఒకటి నా పెట్టెలో ఉంది. నా పౌడరు సగం కారిపోయి, ఆమె మసి సగం తుడిచేసి, ఇద్దరం ఒకే బూడిద రంగులో దిండును మధ్యలో పెట్టుకుని నిలబడ్డాం. ఎవరు తెలుపో ఎవరు నలుపో నాకే తెలియదు. ఆ చారల మొహం పిల్లను చూసినప్పుడల్లా ఇప్పటికీ ఒక్కటే చెప్పాలనిపిస్తుంది: ఏడిస్తే ఏడ్చావు గానీ, కిరీటం పక్కకు వాలిందే, జర సరిజేసుకోరాదూ!