అక్క విమానం దిగేదాకా

నేను నర్మెట్టలో పిల్లలకు లెక్కలు చెబుతాను. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని ఎన్ని వందలసార్లు బోర్డు మీద రాశానో. ఆ లెక్కే ఒక మధ్యాహ్నం నన్ను నిలువునా వణికించింది.

భూపాలపల్లిలో ఒక దవాఖానలో నర్సుగా చేసే మా అక్కకు దుబాయిలో ఉద్యోగం వచ్చింది. అమ్మకు ఇష్టం లేదు. పంపాల్సిందేనని పట్టుబట్టింది నేనే. హైదరాబాద్‌లో పదింటికి బయలుదేరి దుబాయిలో పన్నెండున్నరకు దిగుతుందని టికెట్టు మీద ఉంది. దూరం ఫోన్‌లో చూస్తే రెండున్నర వేల కిలోమీటర్లు. అంటే గంటకు వెయ్యి. లెక్క అంత నున్నగా వచ్చేసరికి మురిసిపోయాను.

"రెండున్నర గంటలే అవ్వా. మనం మానుకోటకు బస్సుల పోయినంత సేపే," అన్నాను అమ్మతో.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. దూరం పోయినవాళ్లు చేరినట్టు కబురు వచ్చేదాకా ఇల్లు ఊడవరు. ఊడిస్తే పోయినవాళ్లు మళ్లీ గడప తొక్కరని అమ్మ భయం. నేను వెక్కిరించేవాణ్ని. ఆ తెల్లవారుజామున జనగామలో అక్కను కారెక్కించి వచ్చేసరికి చీపురు తలుపు వెనక్కి చేరింది.

పన్నెండున్నర అయింది. ఫోను రాలేదు. ఒంటిగంటకు నేనే చేస్తే స్విచాఫ్ వచ్చింది. విమానం కింద అంతా సముద్రమేనన్న సంగతి అప్పుడే గుర్తుకు రావాలా? ఒంటిగంటన్నరకు మళ్లీ చేశాను, అదే స్విచాఫ్. పంపింది నేనే కదా. అమ్మ పొద్దుటినుంచి ముద్ద ముట్టలేదు. గడప దగ్గర కూర్చుని ఒకసారి గడియారాన్ని, ఒకసారి నన్ను చూస్తోంది.

"నువ్వు చెప్పిన టైం ఎప్పుడో అయిపాయె. ఏమాయె కొడుకా?"

ఆ మొహం చూడలేక అబద్ధమాడాను. "దిగిందవ్వా. ఇప్పుడే మెసేజ్ వచ్చింది."

అమ్మ పైకి చూసి దండం పెట్టి, లేచి చీపురు అందుకుంది. దిగిందంటే ఊడుస్తుందన్న సంగతి నాకు తట్టనేలేదు.

"జర ఆగవ్వా, తిన్నంక ఊడ్వు."

వినలేదు. మూలమూలా ఊడ్చింది. శకునాలు నమ్మని లెక్కల పంతుల్ని, చీపురు చప్పుడు వింటూ గోడ పట్టుకుని నిలబడ్డాను. చెత్త గడప దాటింది. ఇక అక్క రాదనుకున్నాను.

మూడింటికి అక్క ఫోను చేసింది. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనకట. టికెట్టు మీద దిగే టైము అక్కడిదట. ప్రయాణం నాలుగు గంటలు. మా ఎనిమిదో తరగతి పిల్లలకైనా వచ్చే అనుమానం నాకు రాలేదు.

"దిగే అర్ధగంట ముంగట విమానం బాగ ఊగింది తమ్మీ," అంది అక్క. "మస్తు భయమైంది. అవ్వ ఇంక ఇల్లు ఊడ్వలే, నాకేం గాదు అనుకుంట కండ్లు మూసుకున్న. ఇగ ఊడ్వమని చెప్పు."

"చెప్త అక్కా," అన్నాను. అమ్మ అప్పటికే చేతులు కడుక్కుని అన్నం తింటోంది.

అక్క ఇంకా గాలిలో ఉండగానే ఇల్లు ఊడ్చిన సంగతి ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. అక్క సెలవుకు వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఇప్పుడు చీపురు నేనే దాచిపెడుతున్నాను.