నడుము తొక్కితే షుగరు పోదు

నా భార్య చేత షుగరు మాత్రలు మాన్పించారు. మాన్పించింది గుడివాడలో వెన్నుపూసలు సరిచేసే ఒక క్లినిక్కు.

వెన్నులో పూస పక్కకి జరిగిందట. అందుకే లోపలి అవయవాలు సరిగా పనిచేయడం లేదట. పూసని సర్దితే షుగరు దానంతటదే దిగుతుందట. నొక్కించుకుని వచ్చిన రోజు ఆవిడ మొహం వెలిగిపోయింది. నడుము తేలికైంది మరి! ఇక షుగరూ పోయినట్టే అనుకుంది.

నేనేమన్నా అంటే ఆవిడ నా కాలినే నా మీదికి విసిరేది. నేను ఎదురుకాళ్లతో, అంటే తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చి, పుట్టినవాణ్ణి. అలాంటివాడు కాలితో తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా దివిసీమలో నమ్మకం. వలలు లాగినవాళ్లు, నాట్లు వేసినవాళ్లు హంసలదీవి దాకా ఉన్న ఊళ్ల నుంచి వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవారు.

“మీ కాలికున్న మహిమ డాక్టరు చేతికి ఉండదేంటండీ?”

“నేను తొక్కితే తగ్గింది నడుము నొప్పేనే! ఎవడికైనా షుగరు తగ్గిందా?”

“మీరు సరిగ్గా తొక్కలేదేమో!”

నేను కాలేజీ మెట్లెక్కలేదు. బందరు లైబ్రరీలో పుస్తకాలు మాత్రం వదల్లేదు. వెన్ను నుంచి గుండెకీ కడుపుకీ నరాలు వెళ్తాయన్నది నిజమే. వెన్ను నొక్కినప్పుడు గుండె వేగం కాసేపు మారవచ్చనీ చదివాను. కాసేపు మారడం వేరు, జబ్బు నయం కావడం వేరు. ఆ తేడాని మింగేసి షుగరు నయం చేస్తామని క్లినిక్కుకి బోర్డు కట్టుకుంటే ఊరుకోవాలా?

ఈలోగా చెప్పు కరిచిన చోట ఆవిడ మడమ మీద పుండు పడింది. ఎన్నాళ్లకీ మానలేదు. ఇలాగే ఉంటే కాలు దక్కదని బందరు డాక్టరు హెచ్చరించాడు. అయినా ఆవిడ మాత్ర ముట్టలేదు.

“గుడివాడ డాక్టరుగారు చెప్తేనే వేసుకుంటాను.”

సరే, ఆయన చేతే చెప్పిస్తానని బస్సెక్కించాను. “సార్ బిజీ అండీ, రేపు రండి తాతగారూ” అంది కౌంటరులో అమ్మాయి. నేను కుర్చీ లాక్కుని వాళ్ల గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. వచ్చేవాళ్లు లోపలికి పోలేక గుమిగూడారు. చివరికి డాక్టరే బయటికొచ్చాడు.

“ఈ పుండు చూసి చెప్పండి. మాత్ర వేసుకోవాలా, అక్కర్లేదా? నాకు కాదు, ఆవిడకి చెప్పండి.”

ఆయన పుండు చూశాడు. జనాన్నీ చూశాడు.

“మాత్రలు మానమని మేమెప్పుడన్నామండీ? అమ్మగారే తొందరపడ్డారు. వేసుకోండమ్మా, ఇవాళే మొదలెట్టండి. బాబాయిగారూ, మీరిక ఆ కుర్చీ తియ్యండి!”