నారమ్మ తొడిగిన శ్రీమంతం గాజులు

జహీరాబాద్ బస్టాండు వెనక సందుల్లో గాజుల నారమ్మను ఎరగని ఆడమనిషి ఉండదు. అత్తగారి చేతి మీదుగా వచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని ఝరాసంగం, మొగుడంపల్లి దాకా ఏళ్ళ తరబడి తిరిగింది. ఎంత మొండి చేయైనా సరే, సబ్బు నీళ్ళు రాసి, బొటనవేలి కింది ఎముకను లోపలికి నొక్కి, మాటల్లో పెట్టి, గాజు చిట్లకుండా ఎక్కించేస్తుంది. "నా చేతిల పడ్డంక పెద్ద గాజు అడిగినోళ్ళు లేరు" అని గొప్పలు పోయేది. ఆ గొప్పే కొంప ముంచింది.

కోడలు శ్వేతకు ఎనిమిదో నెల. మొదటి కడుపు నిలవలేదు. అందుకని ఈసారి నారమ్మ కోడల్ని కాలు కింద పెట్టనివ్వలేదు. జొన్నరొట్టె మీద నెయ్యి, అడిగినప్పుడల్లా ఊరగాయ. పుల్లలా ఉండే పిల్ల ముఖం నిండుగా అయింది. పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. "కోడలికి మంచిగ పెడుతున్నవ్" అని వాడకట్టు ఆడవాళ్ళు అంటుంటే నారమ్మ పొంగిపోయింది. ఆశా కార్యకర్త అనంతమ్మ ఒక్కతే ముఖం చిట్లించింది.

"గిది ఒళ్ళు కాదక్కా, ఉబ్బు. తలనొస్తుందని గూడ అంటుంది. ఇయ్యాలనే దవాఖానకు తీస్కపో, బీపీ చూస్తరు."

"రేపు శ్రీమంతం పెట్టుకున్నం. చుట్టాలందరు వస్తున్నరు. అది అయినంక నేనే తీస్కపోత. నువ్వు ఫికర్ చెయ్యకు."

శ్రీమంతం నాడు పీట మీద కూర్చున్న కోడలి చేయి పట్టుకోగానే నారమ్మకు తేడా తెలిసింది. పెళ్ళినాటి కొలత గాజులు వేళ్ళ గణుపుల దగ్గరే ఆగిపోయాయి. సబ్బు రాసి నొక్కింది. వేలు తీశాక కూడా చర్మంలో గుంట అలాగే ఉండిపోయింది, తడిపిన పిండి మీద నొక్కినట్టు. ఇన్నేళ్ళలో ఇలాంటి చేతులు పట్టుకోలేదా అంటే, పట్టుకుంది. తర్వాత వాళ్ళేమయ్యారో ఏనాడూ కనుక్కోలేదు.

చుట్టూ ఆడవాళ్ళు మంగళహారతి పాడుతున్నారు. వియ్యపురాలు రత్నమ్మ పక్కనే కూర్చుని కళ్ళప్పగించి చూస్తోంది. ఊరందరికీ గాజులేసిన మనిషి సొంత కోడలి దగ్గర ఓడిపోతే పరువేం కాను? నారమ్మ మళ్ళీ నొక్కింది.

"నొస్తుంది అత్తమ్మా."

"అయిపాయె బిడ్డా, జర ఓర్సుకో."

చేతుల నిండా గాజులు ఎక్కాయి. కాన్పయ్యేదాకా వాటిని తీయకూడదన్నది వాళ్ళ ఆచారం. మర్నాడు శ్వేత వేళ్ళు తిమ్మిరెక్కాయంది, తల పగిలిపోతోందంది. నారమ్మ దిష్టి తీసింది. చుట్టాలు కదలగానే దవాఖానకు పోదామని సర్దిచెప్పింది. చుట్టాలు కదల్లేదు. సాయంత్రం "కండ్లు మసకలైతున్నయి అత్తమ్మా" అంటూనే శ్వేత వంటింట్లో కూలిపోయి ఫిట్స్‌తో కొట్టుకుంది.

కొడుకు మల్లికార్జున్ ఆమెను ఆటోలో వేసుకుని దవాఖానకు చేర్చాడు. సెలైన్ ఎక్కించడానికి గాజులు అడ్డం. ఉబ్బిన చేతి నుంచి ఒక్కటీ జారదు. "పగలగొట్టమ్మా, టైం లేదు!" అని నర్సు అరిచింది. నిండు చూలాలి గాజులను, కట్టుకున్నవాడు చూస్తుండగా, నారమ్మ తన చేతులతోనే పగలగొట్టింది. అంతకన్నా పాపిష్టి పని ఆమె బతుకులో చేయలేదు.

శ్వేత బతికింది. బిడ్డ కడుపులోనే పోయాడు. మగపిల్లాడని మల్లికార్జున్ తల్లికి చెప్పాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశాడు.

ఇంటికి తెచ్చాక కూతురి బోసి చేతులు చూడలేక రత్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "ముత్తైదువ పిల్ల. జర రెండేసి అన్న ఎయ్యి వదినె" అని బతిమాలింది. నారమ్మ తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పెద్ద గాజులు ఏరి తీసుకుని మంచం పక్కన కూర్చుంది. చేయి అందుకోబోతే శ్వేత దాన్ని దుప్పటి కిందికి లాక్కుంది.

"ముట్టకు అత్తమ్మా. ఆనాడు నువ్వు వేలు తీసినంక గుంట పడ్డది. నువ్వు సూసినవ్. నువ్వు సూసుడు నేను సూసిన."