ఒళ్ళు కాదు, నీరు

నా చిన్నప్పుడు మా చెల్లెను ఎత్తుకోవడానికి వాడకట్టులోని ఆడవాళ్లంతా పోటీ పడేవారు. అంత బొద్దుగా ఉండేది. బుగ్గలు ఉబ్బి కళ్ళు సగం మూసుకుపోయేవి. దిష్టి తగులుతుందని అమ్మ రోజూ దాని చెంపకు కాటుక చుక్క పెట్టేది.

మాది బోధన్ పక్క పల్లె. అమ్మా బాపూ చెరుకు కొట్టే కూలీలు. చెల్లె తల్లిపాలు మానిన నాటి నుంచి అమ్మ దాన్ని తోట గట్టున పడుకోబెట్టి, ఏడ్చినప్పుడల్లా గంజిలో బెల్లం కలిపి తాగించేది. పప్పు, పాలు మాకెక్కడివి? తీపికి మాత్రం కరువు లేదు. తీపి తిని పిల్ల ఒళ్ళు చేసిందని అమ్మకు గర్వం. తర్వాత తర్వాత అది ఏడవడం కూడా మానేసింది. ఆడుకోదు, పాకదు, పెట్టిన చోటే కూర్చుంటుంది. బుద్ధిమంతురాలు అనుకున్నాం. జుట్టు రాగిరంగుకు తిరిగితే ఎండకు అనుకున్నాం.

పక్కింటి అక్క నర్సు. ఆఫ్రికాలో ఇథియోపియా అనే దేశంలో కరువు పడితే, ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం పెట్టి మందులిచ్చే శిబిరంలో పనిచేయడానికి పోయింది. ఈ పేరు పలకడం నాకు ఆమే నేర్పింది. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మేం పిల్లలం చుట్టూ మూగి, అక్కడ సింహాలుంటాయా అని అడిగాం.

"ఉన్నయో లేవో, నేనైతే జూడలే. పొద్దుగాల లేస్తే అన్నానికి లైనే. మాపటిదాంక లైనే," అంది.

వెనుకటి అక్క కాదు ఆమె. పళ్ళెం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా గుమ్మం వైపు చూస్తుండేది, ఎవరో వచ్చి నిలబడ్డట్టు.

ఒకనాడు మా అరుగు మీదికి వచ్చి చెల్లెను ఒళ్లోకి తీసుకుంది. ముద్దాడబోయి ఆగిపోయింది. దాని పాదం పట్టుకుని బొటనవేలితో గట్టిగా ఒత్తి తీసింది. ఒత్తిన చోట గుంట పడింది. మెత్తటి పిండిలో వేలు గుచ్చినట్టు ఆ గుంట అట్లాగే ఉండిపోయింది, పూడలేదు.

"ఇది ఒళ్ళు గాదు చిన్నమ్మా, నీరు. పిల్లను దవాఖానకు తీస్కపోదాం, లే."

అమ్మకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నా పిల్ల మంచిగున్నదని కండ్లు మండుతున్నయా నీకు? కరువుల తిరిగి తిరిగి వచ్చినవు, అందరు నీకు గట్లనే కనవడుతరు!"

అక్క చెల్లెను దింపలేదు. ఆ పాదాన్ని చేతిలో పెట్టుకునే, ఎవరి వైపూ చూడకుండా, ఆ శిబిరానికి వచ్చిన ఒక తల్లి సంగతి చెప్పింది.

ఆ తల్లి బిడ్డను వీపున కట్టుకుని వరుసలో నిలబడిందట. ముందూ వెనకా ఉన్న పిల్లలంతా ఎముకల గూళ్లు. ఆమె బిడ్డ ఒక్కడే నిండుగా కనిపించేవాడు. పుల్లల్లాంటి పిల్లలను ఎత్తుకున్న తల్లులు రాగానే ఆమె పక్కకు జరిగేది. నా బిడ్డ బాగానే ఉన్నాడు, ముందు మీరు పోండి అనేదట. అట్లా జరిగి జరిగి వరుస చివరకు చేరింది. చివరికి ఆమె వంతు వచ్చింది. పెద్ద డాక్టరు ఆ బిడ్డ పాదం ఒత్తి అక్కకు చూపించాడు. సరైన తిండి లేక చనిపోయే పిల్లల్లో ఎండినవాళ్లే కాదు, ఇట్లా నీరు పట్టి ఉబ్బినవాళ్లూ ఉంటారని అక్క నేర్చుకున్నది ఆ పాదం మీదే. బిడ్డ మాత్రం దక్కలేదు.

అమ్మ లేచింది. లోపలికి పోయి చీర కొంగు సర్దుకుని వచ్చింది. బాపు తోట నుంచి వచ్చేదాకా కూడా ఆగలేదు.

నిజామాబాద్ పెద్ద దవాఖానలో మనిషి మీద మనిషి. వెంట వచ్చిన అక్క పక్కన, నేను అమ్మ కొంగు పట్టుకుని వరుసలో నిలబడ్డాను. మా వెనక ఒకామె చేతుల్లో పిల్లవాడు గొంతు రాక మూలుగుతున్నాడు. వాడిని చూసి మా అమ్మ మనసు ఊరుకోలేదు. పక్కకు జరిగి, "నువ్వు ముందుకు పో అక్కా, మా పిల్ల జరంత మంచిగనే ఉన్నది," అంది.

మా నర్సు అక్క అరిచింది. అంతమంది మధ్యలో, అట్లాంటి అరుపు నేను మళ్ళీ వినలేదు. "అనకు చిన్నమ్మా! ఆ మాట అనకు!"

అందరూ తిరిగి చూశారు. అక్క ఒక చేత్తో అమ్మ జబ్బను, ఇంకో చేత్తో ఆ వెనకామె జబ్బను పట్టుకుని, ఇద్దరినీ కలిపే డాక్టరు ముందుకు తీసుకుపోయింది. ఎవరూ అడ్డం చెప్పలేదు.

చెల్లెను అక్కడే ఉంచుకున్నారు. పాలు, గుడ్డు, పప్పుకట్టు కొద్దికొద్దిగా పెట్టారు. నీరు దిగుతున్న కొద్దీ అది చిక్కిపోయింది. బుగ్గలు పోయాయి, పక్కటెముకలు తేలాయి. మేం ముద్దాడిన పిల్ల ఏమైపోయిందో, ఈ బక్కపిల్ల ఎవరో అని నాకు భయమేసింది. అమ్మ మంచం పట్టె పట్టుకుని, ఇన్నాళ్లూ నా బిడ్డ ఇట్లా ఉందా అని ఏడ్చింది. తర్వాత మెల్లగా కండ పట్టింది. ఇప్పుడది కమ్మర్‌పల్లిలో పసుపు పండించుకుంటూ, మనవళ్లను తిడుతూ బతుకుతోంది.

అక్క తిరిగి పోయేనాడు, ఆ చనిపోయిన బిడ్డ పేరేమిటని అడిగాను. తెలియదంది. అడగడానికి నోరు రాలేదంది. తర్వాత చాలా ఏళ్లు ఆమె అక్కడే ఉండి, శిబిరం వదిలి ఊళ్లు తిరిగి, గింజలతో, పప్పులతో పిల్లలకు ఏం వండాలో, పాదం ఎట్లా ఒత్తి చూడాలో తల్లులకు నేర్పిందని విన్నాను.

నాకు పెళ్లయింది, పిల్లలయ్యారు, మా ఆయన పోయాడు. ఎన్నో మరిచిపోయాను. ఆ బిడ్డను మరవలేదు. వాడు పోవడం వల్ల నా చెల్లె బతికింది. వాడి తల్లికి ఈ సంగతి తెలియదు. తెలిసినా ఆమెకు ఏం ఒరిగేది?

రేషన్ దుకాణం దగ్గరైనా, దవాఖానలోనైనా, కష్టం చెప్పుకుని ఏడ్చేవాళ్లను అందరూ చూస్తారు. మాకేం తొందర లేదు, మీరు పోండి అంటూ ఎవరైనా పక్కకు జరిగితే మాత్రం నా కాళ్లు నిలవవు. ఆమె దగ్గరికి పోయి, చేయి పట్టుకుని, నీకేమయింది తల్లీ అని అడుగుతాను.