మూడు మెట్లు కింద

ఆ వీధిలో మిక్సీ ఆగినా, ఫ్యాను మూలిగినా అందరూ పరిగెత్తేది వైండింగు కొట్టుకే. కొట్టాయన పగలంతా కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుడతాడు. సాయంత్రం షట్టరు దించి, కీబోర్డు చంకన పెట్టుకుని పాటలకి పోతాడు. పుట్టినరోజులు, రిటైర్మెంటు పార్టీలు, కొత్త దుకాణం తెరవడాలు, ఎవరు పిలిస్తే అక్కడికి. ఇంట్లోవాళ్ళు కీబోర్డుని పెట్టె అంటారు. పెట్టెకి జలుబు చేస్తే ఈయనకి జ్వరం వస్తుందని వాళ్ళావిడ వేళాకోళం.

బ్యాండంటే పెద్ద బ్యాండేం కాదు. పాడేది ఆయన వదిన, మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. గిటారు వాయించేది స్కూలు వ్యాను డ్రైవరు. పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపేశాక అదే వ్యానులో సీట్లు మడిచి సామాను ఎక్కిస్తాడు. డ్రమ్ములు కొట్టే మనిషి బేకరీలో పిండి కలుపుతాడు. తెల్లారకముందే డ్యూటీ కాబట్టి ప్రాక్టీసులో సగం నిద్రలోనే కొడతాడు, చిత్రమేమిటంటే నిద్రలో ఉన్నప్పుడే తాళం తప్పడు. ఇక వదిన మొగుడు, అంటే కొట్టాయన అన్నయ్య, వైర్లు చూసుకుంటాడు. ఆయన చెవికీ శ్రుతికీ ఏ చుట్టరికమూ లేదు. పెళ్ళాం పాడినా బాగుందంటాడు, పాడబోతూ దగ్గినా బాగుందంటాడు.

ఈ చిన్న సంసారంలో కొట్టాయన ఒక దొంగతనం చేశాడు. దొంగతనమంటే ఏదో ఎత్తుకుపోవడం కాదు. కీబోర్డు మీద ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కితే, వేళ్ళు రోజూ ఆడే మెట్ల మీదే ఆడుతున్నా శబ్దం మాత్రం ఒక మెట్టు కిందికి దిగి పలుకుతుంది. మళ్ళీ నొక్కితే ఇంకో మెట్టు. వాయించేవాడికి కష్టం లేదు, పాడేవాళ్ళకి సుఖం.

మొదటిసారి నొక్కినప్పుడు మనసులో మంచే ఉంది. వదినకి దగ్గు. ఎవరిదో రిటైర్మెంటు పార్టీ, ఒప్పుకున్నాక మానే వీల్లేదు. పై స్వరం దగ్గర గొంతు పట్టేస్తుందేమోనని చూసీచూడనట్టు ఒక మెట్టు దించాడు. ఆవిడ తేనె పోసినట్టు పాడింది. దగ్గు తగ్గింది, బొత్తాం మాత్రం పైకి రాలేదు. ఇవాళ ఎక్కిద్దాం, రేపు ఎక్కిద్దాం అనుకుంటూనే, చివరి చరణంలో ఆవిడ మెడనరం ఉబ్బడం చూసి ఇంకొకటి దించాడు. ఆ తర్వాత ఇంకొకటి. అలా మూడు మెట్లు. వ్యాను డ్రైవరుకి తెలియక తప్పలేదు, గిటారు తీగలు కూడా వదులు చేసుకోవాలి కదా. అతను ఒక్కసారి మొహంలోకి చూసి, నాకేం తెలీదు బాబూ, నేను తీగలు తిప్పేవాణ్ణి అని చేతులు దులిపేసుకున్నాడు.

మరి వదినకే చెప్పొచ్చుగా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. ఎప్పుడో ఒక పార్టీలో ఓ పెద్దాయన ఎక్కలేని పాట ఎక్కబోయి మధ్యలో గొంతు బొంగురుపోతే, జనం పాపమని చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు వదిన వ్యానులో అంది, గొంతు ఎక్కని రోజున మైకు పెట్టేసి ఇంట్లో కూర్చుంటాను గానీ జాలి చప్పట్లు మాత్రం నాకొద్దని. ఆవిడ అన్నదంటే అన్నట్టే. ఆ మాట మిగతావాళ్ళకి ఆ చెవిన పడి ఈ చెవిన పోయింది, కొట్టాయనకి మాత్రం గొంతులో వెలక్కాయలా ఉండిపోయింది. వదిన లేకపోతే బ్యాండు లేదు. బ్యాండు లేకపోతే తను రాగితీగ, కాలిన వార్నీషు వాసన, అంతే.

అలా పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నట్టు సాగిపోతుండగా హోటలు కబురు వచ్చింది.

పెద్ద రోడ్డు మీది హోటల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం భోజనాల హాల్లో పాటలు పెట్టాలనుకుంటున్నారట. మందులకని షాపుకొచ్చిన మేనేజరు కౌంటర్లో వదిన కూనిరాగం విని ఆరా తీశాడట. సోమవారం మధ్యాహ్నం వచ్చి పాడి వినిపించండి, నచ్చితే శుక్రవారాలు మీవే అన్నాడట. వదిన ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చింది. ఒకసారి పాడి మర్చిపోయే పార్టీలు కావు, వారం వారం మనకంటూ ఒక చోటు అని ఇంటిల్లిపాదికీ చెప్పింది. చివర్లో మరిదితో ఇంకో మాట కూడా అంది, నువ్వు పెట్టె మొయ్యక్కర్లేదయ్యా, వాళ్ళ హాల్లో పియానో ఉంది, నేల మీద వైర్లుంటే వడ్డించేవాళ్ళు తట్టుకుని పడతారట అని.

 కొట్టాయన ఉండబట్టలేక మర్నాడే ఫ్యాన్లు చూసే వంకతో హోటలుకి పోయాడు. హాలు మూలన నల్లగా, నున్నగా, పాత పియానో. మూత ఎత్తి చూశాడు. తెల్లమెట్లు, నల్లమెట్లు, అంతే. బొత్తాం లేదు. పియానోకి బొత్తాం ఉండదని ఆయనకి తెలియదా, తెలుసు. అయినా పక్కలు కూడా తడిమి చూశాడు.

బొత్తాం లేకుండా మూడు మెట్లు దించి వాయించాలంటే వేళ్ళే దిగాలి. ఆయన వేళ్ళు పుట్టి బుద్ధెరిగాక తెల్లమెట్లు దాటి ఎరగవు. కిందికి దిగితే ప్రతి వరసలోనూ నల్లమెట్లు అడ్డొస్తాయి, పడుకున్న కుక్కల్ని దాటుకుంటూ నడిచినట్టు ఉంటుంది. పోనీ, అదైనా నేర్చుకోవచ్చు. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. పాట మొదలుపెట్టే ముందు వదిన తనే చెయ్యి చాచి, చూపుడువేలితో ఒక తెల్లమెట్టు నొక్కి శ్రుతి అందుకుంటుంది. పెట్టె మీదైతే బొత్తాం పుణ్యమా అని ఆ మెట్టు ఎప్పుడూ దిగే పలికేది. పియానో ఎవరి మాటా వినదు. నిజం పలికేస్తుంది.

ఇంట్లో ఇల్లాలికి చెప్పుకున్నాడు. ఆవిడ చపాతీపిండి పిసుకుతూ అంతా విని, చెప్పేయండి, అక్కయ్య మనిషే కానీ గాజుబొమ్మ కాదు అంది. చెప్తే మైకు పెట్టేస్తుందని ఈయన. చెప్పకపోతే, తెలిసిన రోజున చాట తిరగేస్తుందని ఆవిడ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యో గొయ్యో తేల్చుకోకుండా ఆయన పెట్టె కొట్టుకి తీసుకుపోయి, మధ్యాహ్నాలు షట్టరు సగం దించి, బొత్తాంతో దించిందంతా మళ్ళీ ఎక్కించేసి నల్లమెట్ల మీద ప్రాక్టీసు మొదలుపెట్టాడు.

కొట్టు పని గాలికి పోయింది. ఒకావిడ ఫ్యాను బాగుచేయించుకుని పోయి మర్నాడే మోసుకొచ్చింది. ఫ్యాను తిరుగుతోంది నాయనా, కానీ గాలి కప్పుకి కొడుతోంది, మా బల్లులు చల్లగా ఉన్నాయి, మేమే ఉక్కతో చస్తున్నాం అంది. తీగలు తిరగేసి కలిపేశాడు మరి. అన్నం ముందు కూర్చున్నా కంచం అంచు మీద వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. ఇల్లాలు మజ్జిగ గ్లాసుని ఆయన చేతికి అందనంత దూరంలో పెట్టింది.

ఆదివారం నాటికి వినిపించాలనుకున్న పాటలు మూడు మెట్లు కింద ఎలాగో కుదిరాయి. సోమవారం హోటలుకి పోతూ వ్యానులో చెప్పేద్దామనుకున్నాడు. తీరా చూస్తే, ఆయనకీ వదినకీ మధ్య అన్నయ్య కూర్చుని దారి పొడుగునా ప్లగ్గుల గురించి మాట్లాడాడు. హోటలు మెట్ల దగ్గర చెబుదామంటే డ్రమ్ము ఒక చేతిలో, స్టాండు ఒక చేతిలో. లోపలికెళ్ళాక మేనేజరు, డ్రమ్ములు ఏ మూల పెడితే గిన్నెల బల్లకి అడ్డురావో చూపిస్తానని ఆయన్నే పక్కకి తీసుకుపోయాడు.

అప్పుడు వినిపించింది. పియానో మీద ఒకే ఒక్క స్వరం. ఆ వెనకే వదిన గొంతు, మ్మ్ అని. ఆగింది. మళ్ళీ అదే మెట్టు, మళ్ళీ అదే గొంతు. మూడోసారి మెట్టు పలికింది గానీ గొంతు రాలేదు.

 మేనేజరు ఏదో చెబుతూనే ఉన్నాడు, కొట్టాయన ఊకొడుతూ పియానో దగ్గరికి వెనక్కి వెనక్కి నడిచాడు.

"ఏమయ్యా మరిదీ," అంది వదిన, నెమ్మదిగానే. "తప్పు ఈ పియానోదా, మన పెట్టెదా?"

పియానోది అనేస్తే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ మొహం చూశాక రాలేదు.

"పెట్టెది కాదు వదినా. నాది. నేనే దించాను."

"ఎంత?"

"మూడు మెట్లు."

ఆవిడ గిటారు వైపు చూసింది. డ్రైవరు తలొంచుకుని, బాగానే ఉన్న తీగని తెగ బిగిస్తున్నాడు. ఆవిడకి అంతా అర్థమైపోయింది. డ్రమ్ములాయన మాత్రం ఏమీ తెలియక ఆవులించాడు.

"అంటే ఈయనకీ తెలుసు. నా గొంతు సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట." ఆవిడ మైకు చేతిలోకి తీసుకుంది. "ఏదీ దించకు. మొదట్లో ఎక్కడ పాడేవాళ్ళమో అక్కడే వాయించు."

వద్దని చెప్పే ధైర్యం ఎవరికుంది. మేనేజరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వడ్డించే మనిషి ఒకడు చెంచాలు తుడుస్తూ నిలబడ్డాడు. కొట్టాయన తెల్లమెట్ల మీద వేళ్ళు పెట్టాడు. ఆయన వేళ్ళకి అది సొంతిల్లే. పల్లవి బాగానే నడిచింది. మొదటి చరణం కూడా. వదిన గొంతు నిండుగా ఉంది, కోపం వల్ల ఇంకాస్త నిండుగా ఉంది. ఈయన మాత్రం పాట వినడం లేదు, రెండో చరణంలో రాబోయే ఆ పై స్వరం కోసం, పట్టాల మీద నిలబడి రైలు కోసం చూస్తున్నవాడిలా చూస్తున్నాడు. ఎక్కుతుందేమో. కోపంలో ఎక్కేస్తుందేమో.

ఎక్కలేదు. పాత గుడ్డ చిరిగినట్టు గొంతు చిరిగింది. వడ్డించేవాడి చేతిలో చెంచా ఆగిపోయింది. అన్నయ్య అలవాటు కొద్దీ బాగుందనబోయి నోరు మూసుకున్నాడు.

వదిన మైకుని పియానో మూత మీద పెట్టింది.

అంతే, అయిపోయింది అనుకున్నాడు కొట్టాయన. ఇక ఆవిడ సంచీ తీసుకుంటుంది, మేనేజరుకి దణ్ణం పెడుతుంది, వ్యానులో కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. నేరం నాది. మొదటి మెట్టు దించిన రోజునే చెప్పి ఉంటే, ఒక్కో మెట్టుగా మింగేది. ఇవాళ మూడూ ఒక్కసారిగా, ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు మింగాల్సి వచ్చింది.

ఆవిడ నీళ్ళు అడిగింది. వడ్డించేవాడు తెచ్చిచ్చాడు. సగం తాగి, గ్లాసు పట్టుకునే కళ్ళు మూసుకుని, లోలోపల ఏదో వెతుక్కుంటున్నట్టు కూనిరాగం తీసింది. కాస్త కిందికి. ఒక్కో మెట్టే లెక్కపెట్టుకుంటూ ఇంకాస్త కిందికి. ఎక్కడో ఒకచోట గొంతు కుదురుగా కూర్చుంది. ఆవిడ భుజాలు దిగాయి. అప్పుడు మైకు తీసుకుని, మేనేజరుకీ వినిపించేలా అంది, "నాలుగు దించు మరిదీ."

 "నాలుగా? మూడు కదా."

"మూడు నువ్వు పెట్టిన లెక్క. నాకు నాలుగులో హాయిగా ఉంది."

ఆయన మెట్ల వైపు చూశాడు. నాలుగంటే వేళ్ళన్నీ మళ్ళీ కొత్త చోటుకి పోవాలి. కొట్టులో ఇన్ని మధ్యాహ్నాలు తంటాలు పడింది మూడుకే. "నాలుగు నాకు రాదు వదినా," అన్నాడు.

"రాదా?"

"పెట్టె మీదైతే బొత్తాం ఉంది కదా అని నేర్చుకోలేదు."

హాలంతా విన్నది ఆ మాట. వదిన ఆయన్ని కాసేపు చూసింది. కోపం పోయిందని కాదు, కానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. "నా గొంతుకైతే వయసొచ్చింది. నీ వేళ్ళకేం వచ్చిందయ్యా?" అంది. "సరే, నేను పాడుతూ పోతాను. నీకు దొరికిన చోట నువ్వు కలువు."

అలాగే చేసింది. డ్రైవరు తీగల మీద అటూ ఇటూ వెతికి ఆవిడని అందుకున్నాడు. డ్రమ్ములాయనకి శ్రుతితో పని లేదు, ఆయన హాయిగా కొట్టాడు. కొట్టాయన మాత్రం ఒంటి వేలితో, పసిపిల్లవాడు అక్షరాలు దిద్దినట్టు, ఒక మెట్టు తప్పు, ఒక మెట్టు ఒప్పు. వదిన గొంతు ఇంత కింద, ఇంత చిక్కగా ఉంటుందని ఆయనకే తెలియదు. పై స్వరం దగ్గరికొచ్చేసరికి ఆవిడ దాన్ని చెయ్యి చాపి అందుకున్నట్టు అందుకుంది. ఆయనకి సంతోషించే తీరిక లేదు, రాబోయే మెట్టు ఏదో వెతుక్కుంటున్నాడు.

మేనేజరు లేచి, శుక్రవారం రండి అన్నాడు. అమ్మగారి పాటకి ఢోకా లేదు, పియానో ఆయన మాత్రం కాస్త నేర్చుకుని రావాలి అన్నాడు. కొట్టాయనకి చెవులు కాలిపోయాయి. నేర్చుకుంటాడండీ, నేను దగ్గర కూర్చుని నేర్పిస్తాను అని వదినే జవాబిచ్చింది. ఆ మాటలో ఆదరణ ఎంత, బెదిరింపు ఎంత అన్నది ఆయనకి అంతు చిక్కలేదు.

తిరుగుదారిలో అన్నయ్యని ముందు సీటుకి పంపేసి వదిన మరిది పక్కన కూర్చుంది.  ఆయన క్షమించమని అడగడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఐదోసారి ఆవిడే అంది.

"ఇంకెప్పుడూ నా వెనకాల దించకు. దించాలంటే నేను చెప్తాను."

"అలాగే వదినా."

"రాసుకోనక్కర్లేదు, విను. మొదటి పాట నాలుగు. ఆ మెల్లపాటకి రెండు చాలు, అది నాకింకా ఎక్కుతుంది. రిటైర్మెంటుల్లో పాడేదానికి ఐదు."

ఐదు అనగానే ఆయన వేళ్ళు మోకాళ్ళ మీద మెట్లు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఒక్కో పాటకి ఒక్కో లెక్క, శుక్రవారం చూస్తే నెత్తి మీదికొచ్చింది, కొట్టులో తీగలు తిరగేసి కలిపిన ఫ్యాను ఇంకా అలాగే ఉంది.

"కాస్త నెమ్మదిగా చెప్పు వదినా," అన్నాడు.

ఆవిడ నెమ్మదిగా చెప్పలేదు.