నెమళ్ల గుడ్డ

కమలాపురం మహాదేవికి కుట్టుపని గిట్టదు. నేతవాళ్ల ఇంట పుట్టిన మనిషి. నేసిన గుడ్డను కోయాలంటే చేతులు రావు. అయినా టీవీలో రాణుల సీరియల్ వస్తే కథ వదిలేసి చీరల అంచులే చూస్తుంది, అలాంటి గుడ్డలు కొని పెట్టెలో దాస్తుంది. కూతురు శివలీలకు బడి నాటకంలో రాణి వేషం రావడంతో, రవికె కుట్టడానికి పెట్టెలోని నెమళ్ల జరీగుడ్డ బయటికి తీయక తప్పలేదు.

"కత్తెరేమన్నా కరుస్తాదా మహాదేవీ?" అని ఆడబిడ్డ సుబ్బక్క నవ్వింది. మహాదేవి గుడ్డను కళ్లకద్దుకుని, అడ్డంగా మడిచి, రవికె చేతులు రెండూ ఒకేసారి కోసింది. విప్పి చూస్తే ఒకదాని మీద నెమళ్లన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. ఇంక గుడ్డ లేదు. శివలీల ఆ ముక్కను చేతికి చుట్టుకుని చెయ్యి పైకెత్తింది. "రాణిని కదమ్మా, ఇట్లా చెయ్యెత్తే మాట్లాడతా." నెమళ్లు నిటారుగా నిలబడ్డాయి.

"దించొద్దు తల్లీ," అంది మహాదేవి.